చెయ్యి వణికితే కంటి డాక్టర్ కాలేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను మెడిసిన్ చివరి ఏడాదిలో ఉన్నాను. కంటి విభాగం తీసుకోవాలని కోరిక. కానీ మొన్న మైక్రోస్కోప్ కింద కుట్టు వేయడం ప్రాక్టీస్ చేస్తుంటే నా చెయ్యి వణికింది, పక్కనున్నవాళ్ళు నవ్వారు. పైగా నాకు మైనస్ ఆరు పాయింట్ల అద్దాలు. ఇంట్లోవాళ్ళేమో ‘ఇంత చదివి చివరికి అద్దాలు రాసే డాక్టర్ అవుతావా’ అంటున్నారు. ఎన్నేళ్ళు పడుతుంది, రోజువారీ పని ఎలా ఉంటుంది, నాలాంటివాళ్ళకు కుదురుతుందా? దయచేసి చెప్పండి. ఇంకో మాట. కంటి డాక్టర్లే కళ్ళజోడు ఎందుకు పెట్టుకుంటారో అడగమని మా తమ్ముడు మరీ మరీ చెప్పాడు.
- ఒక వైద్య విద్యార్థిని

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూద్దాం. మీ ఉత్తరం చదివితే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని తెలుస్తూనే ఉంది. మైక్రోస్కోప్ కింద మొదటిసారి పట్టకారు పట్టిన ప్రతివాళ్ళ చెయ్యీ వణుకుతుంది. నవ్వినవాళ్ళ చేతులు ఇంకా దాని కింద పడలేదు, అంతే తేడా. ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతిలో కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నటి కదలిక ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ మనతోనే ఉన్నా మన కంటికి ఆనదు. అన్నిటినీ పదింతలు చేసి చూపించే మైక్రోస్కోప్ కింద పెట్టేసరికి భూకంపం వచ్చినట్టు కనిపిస్తుంది.

దాన్ని ఎవరూ పూర్తిగా పోగొట్టుకోలేరు, ఆనించి అదుపులో పెట్టుకుంటారు. మణికట్టునో చిటికెన వేలినో రోగి నుదుటి మీదో చెంప ఎముక మీదో ఆనిస్తారు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకుంటారు. కుర్చీ ఎత్తు ఒక్క అంగుళం తేడా వచ్చినా భుజం పైకి లేస్తుంది, భుజం లేస్తే చెయ్యి గాల్లో తేలుతుంది, ఇక వణుకుడే వణుకుడు. నాకు పని నేర్పినాయన కొత్తగా వచ్చినవాళ్ళ చేతులు చూసేవారే కాదు. తలుపు దగ్గర నిలబడి వాళ్ళు కూర్చున్న తీరు చూసి, ‘కుర్చీ దించుకో’ అని వెళ్ళిపోయేవారు. నాకు ఈ ఒక్క మాట వారం రోజుల పాటు రోజూ చెప్పారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా చేతులు వణుకుతున్నా, గ్లాసు ఎత్తితే నీళ్ళు తొణుకుతున్నా, ఇంట్లో పెద్దవాళ్ళకు అలాంటి వణుకు ఉన్నా ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకుని నరాల డాక్టర్‌ని కలవండి. మీరు రాసినదాన్ని బట్టి అదేమీ కాదనుకుంటున్నాను. నలుగురూ చూస్తున్నారన్న టెన్షన్, తక్కువ నిద్ర, బహుశా రెండు కప్పుల కాఫీ.

ఇంతకీ చేతుల గురించి ఇంత బెంగపడేవాళ్ళు కాళ్ళ గురించి ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. శుక్లం ఆపరేషన్‌లో ఒక కాలి కింద మైక్రోస్కోప్ పెడల్ ఉంటుంది, రెండో కాలి కింద ఫేకో మెషీన్ పెడల్. ఆ రెండోదానికి మూడు మెట్లు. కాస్త తొక్కితే కంట్లోకి ద్రవం వెళ్తుంది. ఇంకాస్త తొక్కితే లోపలిది పీల్చుకుంటుంది. పూర్తిగా తొక్కితే సూది మొన సెకనుకు సుమారు 40,000 సార్లు కంపించి, ముదిరిపోయిన లెన్సును పొడి పొడి చేస్తుంది. రెండో మెట్టు దగ్గర ఆగాల్సిన పాదం మూడో మెట్టులోకి జారితే సంగతేమిటో ఊహించుకోండి. ఆ లెన్సుకు వెనక ఉన్న సంచి పొర మధ్యలో నాలుగు మైక్రాన్ల మందం ఉంటుంది, మిల్లీమీటరులో 250వ వంతు. అందుకే చాలామంది బూట్లు విప్పేసి సాక్స్‌తోనే పెడల్ తొక్కుతారు. నేనూ అంతే.

ఆ పొర నా పాదం కింద ఒకసారి చిరిగింది. శిక్షణ చివరి ఏడాదిలో, అప్పటికి కాస్త ధీమా వచ్చేసిన రోజుల్లో. అప్పటిదాకా లోతు నిలకడగా ఉన్న కన్ను ఒక్కసారి ఇంకా లోతుగా కనిపించింది, నల్లగుడ్డు వెనక ఏదో జారినట్టు. అదే గుర్తు. వెనకాల జిగురులా ఉండే విట్రియస్ ముందుకు వచ్చేసింది. పక్కనున్న సీనియర్ నా భుజం మీద చెయ్యి వేసి లేవమన్నట్టు నొక్కారు. లేచాను, ఆయన కూర్చున్నారు. చుక్కల మందుతో మత్తిచ్చి చేసే ఆపరేషన్ కదా, రోగి మెలకువగానే ఉంటారు. గుడ్డ కింద నుంచి ఆ పెద్దావిడ అడిగింది, “ఏమిటి, గొంతు మారింది?” సీనియర్ తడుముకోకుండా, “ఇద్దరం ఉన్నామమ్మా. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, కదలకండి” అన్నారు. అబద్ధం ఒక్కటీ లేదు, కంగారూ లేదు. మర్నాడు కట్టు విప్పాక జరిగినదంతా ఆవిడకు నా నోటితోనే చెప్పించారు. చూపు బాగానే వచ్చింది గానీ అందరిలా రెండు రోజుల్లో కాదు, నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో ఆవిడ చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ నాకు అరచేతులు చెమటలు పట్టేవి. అప్పటి నుంచి ఆపరేషన్ థియేటర్‌లో నా నోట ‘అయ్యో’ అన్న మాట రాలేదు. చేతిలోంచి పట్టకారు జారినా సరే.

ఇక శిక్షణ. మెడికల్ డిగ్రీ అయ్యాక అమెరికాలో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మూడేళ్ళ రెసిడెన్సీ. బ్రిటన్‌లో రెండేళ్ళ ఫౌండేషన్ తర్వాత ఏడేళ్ళు. ఇండియాలో స్పెషలైజేషన్ మూడేళ్ళు. ఆ పైన రెటీనా, కార్నియా, నీటికాసులు (గ్లాకోమా), మెల్లకన్ను, కనురెప్పల సర్జరీ లాంటివాటిలో ఏదో ఒకటి పట్టుకుంటే ఇంకో ఏడాదో రెండేళ్ళో ఫెలోషిప్. అమెరికాలో రెసిడెన్సీ పూర్తయ్యేలోగా ముఖ్య సర్జన్‌గా కనీసం 86 శుక్లం ఆపరేషన్లు చేయాలి, బ్రిటన్‌లో శిక్షణ ముగిసేసరికి 350. అంకెలు ఎందుకు చెప్పానంటే, ఎక్కడ చేరబోతున్నా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ‘ఇక్కడ శిక్షణ ముగిసేలోగా నా చేత్తో ఎన్ని చేయిస్తారు?’ భవనం చూసి, పేరు చూసి చేరిపోయి, మూడేళ్ళూ పక్కన నిలబడి చూసి బయటికి వచ్చినవాళ్ళను నేను ఎరుగుదును.

మొదటి రోజే కత్తి చేతికివ్వరు, భయపడకండి. మేక కళ్ళో పంది కళ్ళో తెచ్చి బల్ల మీద నేర్పిస్తారు, ఇప్పుడు చాలాచోట్ల సిమ్యులేటర్లూ ఉన్నాయి. లెన్సు ముందు పొరలో ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు గుండ్రటి కిటికీ చించడం అన్నిటికన్నా మొండి పని. అంచు వైపు పరుగెత్తే చింపును మధ్యకు లాక్కురావాలి. టమాటా తొక్క మీదా, ద్రాక్షపండు తొక్క మీదా సాధన చేసినవాళ్ళు ఎందరో. నిజం కంటి మీదికి వచ్చాక చాలామంది గురువులు ఆపరేషన్‌ను చివరి నుంచి మొదటికి నేర్పిస్తారు. సీనియర్ అంతా చేసి ఆఖరి అంకం మాత్రం మీకిస్తారు. అది కుదిరాక కొత్త లెన్సు లోపలికి వదలడం, అది కుదిరాక దాని ముందు మెట్టు. మొదటి కోత మీ చేతికి వచ్చేసరికి మిగతాదంతా వచ్చేసి ఉంటుంది. ఎవరు కనిపెట్టారో గానీ మంచి పద్ధతి.

కొత్త లెన్సు అన్నాను కాబట్టి ఒక కథ. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. హెరాల్డ్ రిడ్లీ అనే బ్రిటిష్ కంటి డాక్టర్, ఆ ముక్కలు కంట్లో ఉండిపోయినా కన్ను పెద్దగా ఎర్రబడకపోవడం గమనించాడు. తర్వాత ఆయన శుక్లం తీస్తుండగా చూస్తున్న ఒక వైద్య విద్యార్థి, తీసేసినదాని బదులు ఇంకో లెన్సు పెట్టరా అని అడిగాడట. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రిడ్లీ అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్సును మొదటిసారి మనిషి కంట్లో పెట్టాడు. పవర్ లెక్క తప్పి ఆ రోగికి బాగా ఎక్కువ మైనస్ వచ్చింది. తోటి డాక్టర్లు ఏళ్ళ తరబడి తిట్టిపోశారు. మీ వెనక నవ్వినవాళ్ళ గురించి రాశారు కదా, అందుకే ఈ కథ గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పనిలో చెయ్యి కాదు కష్టం, చూడటం. ఆపరేషన్ ఏదో రకంగా అందరికీ వస్తుంది. చూపు మాత్రం కొందరికే పదునెక్కుతుంది. రెటీనా చూడటానికి తలకు లైటు కట్టుకుని, చాచిన చేతిలో 20 డయాప్టర్ల పవర్ లెన్సు పట్టుకుని, రోగి కంట్లోకి వంగుతాం. మొదటి పదిరోజులు కనిపించేది నారింజ రంగు మెరుపు, మన లైటు ప్రతిబింబం, రోగి కనురెప్పలు, అంతే. సీనియర్ ‘డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రం) కనబడిందా?’ అంటే ‘ఆఁ’ అని అబద్ధమాడతాం. నేనైతే ఆడాను. తర్వాత ఒక రోజు ఉన్నట్టుండి లెన్సు నిండా ఎర్రటి కొమ్మల్లాంటి రక్తనాళాలు, మధ్యలో పసుపుపచ్చ గుండ్రం కనబడతాయి. అవి కూడా తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై. గీసుకోవాల్సిన కాగితాన్ని తలకిందులుగా పెట్టి, చూసింది చూసినట్టు గీస్తే సరిగ్గా వస్తుందని తెలిశాక ప్రాణం లేచొస్తుంది. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ తన పరికరం చూపించేదాకా బతికున్న మనిషి రెటీనాను వైద్యులు ఇలా పరీక్షించే దారే లేదు. పదిరోజులకే మీరు విసుక్కోవడం న్యాయం కాదు.

‘అద్దాలు రాసే డాక్టర్’ మాటకొస్తే, అద్దాలు రాయడం చిన్న పనేమీ కాదు. మాటలు రాని ఏడాది పిల్లాడికి ఎంత పవర్ కావాలో ఎలా తెలుస్తుంది? చీకటి గదిలో వాడి కంట్లోకి సన్నటి వెలుగు గీత వేసి అటూ ఇటూ ఆడిస్తాం. కంటిపాపలోంచి తిరిగొచ్చే ఎర్రటి మెరుపు వెలుగుతో పాటే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూసి, ఒక్కో అద్దం అడ్డం పెడుతూ ఆ కదలిక ఆగేదాకా వెళ్తాం. మా దూరం లెక్క తీసేస్తే పవర్ తేలుతుంది. పిల్లాడు ఒక్క అక్షరం చదవక్కర్లేదు. చాలాచోట్ల ఈ పని ఆప్టోమెట్రిస్టులు మా కంటే బాగా చేస్తారు, వాళ్ళది వేరే చదువు. ఫ్రేము బిగించి ఇచ్చే ఆప్టీషియన్‌ది ఇంకో పని. కంటి జబ్బుకు వైద్యం చేసి ఆపరేషన్ చేసేది మాత్రం డాక్టరే. మీ ఇంట్లోవాళ్ళకు ఈ ముగ్గురూ ఒకరిలాగే కనబడుతున్నట్టున్నారు.

వాళ్ళకు ఈ సంగతి కూడా చెప్పండి. ఒక రాత్రి అరవై దాటిన ఆవిడను తీసుకొచ్చారు. పొద్దుటి నుంచి వాంతులు, తల పగిలిపోయే నొప్పి. కడుపు అనుకుని ఒకరు, మైగ్రేన్ అనుకుని ఇంకొకరు మందులిచ్చారు. కుడికన్ను ఎర్రగా ఉంది. పాప సగం తెరుచుకుని బిగుసుకుపోయింది, లైటు వేస్తే కదల్లేదు. మూసిన రెప్ప మీద వేలితో మెల్లగా నొక్కితే గోళీకాయలా గట్టిగా తగిలింది. కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది, ఆవిడకు 50 దాటింది. కంట్లో నీరు బయటికి పోయే దారి ఒక్కసారిగా మూసుకుపోయే నీటికాసుల రకం అది. మందులతో ప్రెషర్ దించి, లేజర్‌తో కంటి రంగుపొరలో చిన్న రంధ్రం చేస్తే వాంతులకు మందే అవసరం లేకపోయింది. రెండో కంటికీ అదే ముప్పు ఉంటుంది కనుక దానికీ ముందుజాగ్రత్తగా రంధ్రం చేశాం. ‘కన్ను నొప్పి అని ఎందుకు చెప్పలేదమ్మా?’ అంటే, ‘అన్నీ నొప్పిగానే ఉంటే ఏది చెప్పను నాయనా’ అంది.

తలనొప్పితో అద్దాల కోసం వచ్చిన పిల్లవాడి కంటి నరం ఉబ్బి ఉంటే మెదడు స్కానింగ్‌కి పంపేది మేమే. నల్లగుడ్డు అంచున రాగి రంగు వలయం చూసి కాలేయం జబ్బును అనుమానించేదీ మేమే. యాసిడో సున్నమో కంట్లో పడి వస్తే పేరు, ఊరు, చూపు ఎంత అని అడగడం తర్వాత. ముందు నీళ్ళు పోసి కడుగుతూనే ఉండాలి. అర్ధరాత్రి ఫోన్లు మిగతా విభాగాల కంటే తక్కువ, నిజమే. కానీ రోజంతా స్లిట్ ల్యాంప్ (కన్ను పరీక్షించే మైక్రోస్కోప్) ముందు గడ్డం చాచి వంగి కూర్చుంటే నలభై ఏళ్ళకే మెడ, నడుము పట్టేస్తాయి. ఈ వృత్తిలో అందరూ దాచే జబ్బు అదే. ఇప్పటి నుంచే వీపు వ్యాయామం మొదలుపెట్టండి, వెటకారంగా అనడం లేదు.

కష్టమైన ఇంకో పని గురించి మీరు అడగలేదు. ఒకాయన కొత్త అద్దాలు రాయమని వచ్చాడు. గదిలోకి వస్తూ కుడి భుజం తలుపు చట్రానికి కొట్టుకున్నాడు, తన పాటికి తాను నవ్వేశాడు. కుర్చీలో కూర్చున్నాక చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. నరం చూస్తే అంతా పాలిపోయి గుంటపడి ఉంది. నీటికాసులు పక్కచూపునంతా నొప్పి లేకుండా తినేసి, నడిమి చూపును మాత్రం మిగిల్చింది. పోయిన చూపు రాదని, ఉన్నది కాపాడుకోవడానికి జీవితాంతం చుక్కలు వేసుకోవాలని చెప్పాను. “అద్దాలు మారిస్తే రాదా?” అన్నాడు. రాదన్నాను. “ఆపరేషన్ చేస్తే?” ఉన్నదాన్ని నిలబెడుతుందేమో గానీ పోయినదాన్ని తేదన్నాను. కాసేపాగి, “పెద్ద ఆసుపత్రిలో అయితే?” అన్నాడు. మూడుసార్లూ ఒకే గొంతుతో చెప్పాలి. విసుగు రాకూడదు, ఆశ పెట్టకూడదు. నాకు ఈ పని చేతకావడానికి ఆపరేషన్ కంటే ఎక్కువ ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ ఒక్కోరోజు సరిగ్గా చేయలేను.

మీ మైనస్ ఆరు అడ్డమే కాదు. మైక్రోస్కోప్‌కీ, స్లిట్ ల్యాంప్‌కీ కంటికి ఆనించే గొట్టాల్లోనే పవర్ తిప్పుకోవచ్చు, అద్దాలు పెట్టుకునీ చేయవచ్చు. చూసుకోవాల్సింది ఇంకొకటుంది, రెండు కళ్ళూ కలిసి లోతును పసిగడుతున్నాయా అన్నది. చిన్నప్పుడు మెల్లకన్నో, ఒక కన్ను మందగించడమో ఉండి ఉంటే ఆ లోతు సరిగా తెలియకపోవచ్చు. మైక్రోస్కోప్ కింద పని చేయాలంటే అది కావాలి. ఐదు నిమిషాల పరీక్ష, మీ కాలేజీ కంటి విభాగంలోనే చేస్తారు. ఒకవేళ తక్కువని తేలినా ఆపరేషన్లు లేని కంటి వైద్యం కూడా చాలా ఉంది. కానీ చేరాక కాకుండా ముందే తెలుసుకోవాలి. మైనస్ ఎక్కువున్నవాళ్ళకు రెటీనా అంచులు పలచబడే అవకాశం ఉంటుంది కాబట్టి, అదే రోజు పాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా కూడా చూపించుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, మర్నాడు పరీక్ష పెట్టుకోకండి.

ఈలోగా ఒక వారం కంటి ఓపీలో కూర్చోండి. ఆపరేషన్ థియేటర్‌లో కాదు. అక్కడ అందరికీ ఉత్సాహమే వస్తుంది. ఓపీలో మధ్యాహ్నం రెండింటికి, నలభయ్యో కంటిని చూస్తున్నప్పుడు మొదటి కంటిని చూసినంత శ్రద్ధగా చూడాలనిపిస్తోందో లేదో గమనించుకోండి. అనిపిస్తే వచ్చెయ్యండి. అనిపించకపోతే, చేతులు రాయిలా కదలకుండా ఉన్నా సరే, వేరే విభాగం చూసుకోండి.

ఇక మీ తమ్ముడి ప్రశ్న. లేజర్‌తో అద్దాలు పోగొట్టడం అందరికీ కుదరదు. నల్లగుడ్డు మందం చాలాలి, పవర్ నిలకడగా ఉండాలి, కన్ను పొడిబారకూడదు. నా నల్లగుడ్డు పలచన, అందుకే చేయించుకోలేదు. చేయించుకున్న మా తోటివాళ్ళకూ నలభై దాటాక చత్వారం వచ్చి దగ్గరి అద్దాలు మళ్ళీ వచ్చాయి. దాన్ని లేజర్ ఆపదు. పైగా కంటికి సూది వేస్తున్నప్పుడు ఏదైనా చింది మన కంట్లో పడకుండా అద్దాలే కాస్తాయి. మీ తమ్ముడికి కూడా అద్దాలు ఉన్నాయా? లేకపోతే పోయినసారి కళ్ళు ఎప్పుడు చూపించుకున్నాడో అడగండి. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళలో సగం మంది ఒక్కసారి కూడా చూపించుకుని ఉండరు.